కొలెస్ట్రాల్ ఒళ్లంతా తిరుగుతుంటే పూడిక మెడ చీలిక దగ్గరే ఎందుకు?

జయనగర్_అమ్మాయి:
మొన్న నాన్నకి మెడ డాప్లర్ (రక్తం పారే దిక్కుని రంగుల్లో చూపే స్కాన్) చేయించాను. మెడ ధమని రెండుగా చీలే చోట తెరమీద ఎరుపు మధ్యలో ఓ మూల నీలం మెరిసింది. అక్కడ రక్తం కాస్త వెనక్కి తిరుగుతుందట, బాగున్నవాళ్లకీ అంతేనట. నాన్నకి పూడిక కనిపించింది సరిగ్గా ఆ మూలే. "తప్పు ప్రవాహానిది, కొలెస్ట్రాల్‌ది కాదు, స్టాటిన్ మానేయండి" అన్నారు పక్క ఫ్లాట్ అంకుల్. నాన్న ఆ కొలెస్ట్రాల్ మాత్ర మానేశారు. నాకు భయంగా ఉంది.

కాలువగట్టు:
మాత్ర మానడం తప్పేనమ్మా. కానీ ఆయన మాటలో నిజం ఉంది. మా ఊళ్లో కాలువ మందగించిన చోటే ఒండ్రు పేరుకునేది. రొమ్ము ఎముక వెనక దిగే ధమనిలోనూ అదే రక్తం, అదే కొలెస్ట్రాల్. అయినా అది అరుదుగా పూడుతుంది. బైపాస్‌కి దాన్నే వాడతారు. మరి దోషమంతా కొలెస్ట్రాల్‌దేనా?

ల్యాబ్_మనిషి, మల్లేశ్వరం:
ఒండ్రు పోలికతోనే చిక్కండీ. ఈ తగువు పాతది. 1968లో ఫ్రై అనే పరిశోధకుడు, రక్తం మరీ జోరుగా ఒరుసుకుంటే గోడ లోపలి పొర దెబ్బతింటుందని చూపాడు. మరుసటి ఏడు కారో బృందం, ఒరిపిడి తక్కువున్న చోటే జబ్బు వస్తోందంది. నిలిచింది కారో మాటే. అయితే కాలువ గట్టు మట్టి, ధమని గోడకి ప్రాణం ఉంది. లోపలి పొర కణాలు ఒరిపిడిని పసిగడతాయి. రక్తం ఒకే దిక్కుకి సాఫీగా పారితే అవి ఆ వాలునే సాగి ఉంటాయి, నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తాయి, వాపు అణిగి ఉంటుంది. ముందుకీ వెనక్కీ ఊగే చోట వరస తప్పుతాయి, తెల్లకణాలను పట్టి ఆపే ప్రోటీన్లు మొలిపిస్తాయి. అక్కడ గోడలోకి దిగి చిక్కుకునేది మాత్రం ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాలే! చీలిక అందరి మెడలోనూ ఉంది. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ ఎల్‌డీఎల్‌ని పెంచే జన్యులోపం వచ్చిన పిల్లలకి చిన్నతనంలోనే ధమనులు పూడతాయి. చోటు చూపేది ప్రవాహం, సరుకు మోసేది ఎల్‌డీఎల్.

కాలువగట్టు:
ఒప్పుకోను. 2017లో వచ్చిన కాంటోస్ అనే మందు పరీక్షలో పదివేల మందికి పైగా ఉన్నారు. వాపుని అణిచే కెనకినుమాబ్ ఇంజెక్షన్ 150 మిల్లీగ్రాముల మోతాదుతో, ఎల్‌డీఎల్ తగ్గకుండానే, గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. వాపే అసలు మంట.

ల్యాబ్_మనిషి, మల్లేశ్వరం:
వాపు నిజమే. కానీ వాళ్లలో అత్యధికులు స్టాటిన్ వేసుకుంటూనే ఆ ఇంజెక్షన్ తీసుకున్నారు. పైగా ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి. అమ్మాయీ, నడిస్తే ప్రవాహం మెరుగవుతుంది, నడిపించు. చీలిక మాత్రం తిన్నగా అవదు. డాక్టర్ని అడక్కుండా మాత్ర ఆపనివ్వకు.

జయనగర్_అమ్మాయి:
ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. "ఆ నీలం మూల నీకూ ఉంటుందా?" అని నా మెడ తడిమారు. ఉంటుందన్నాను. రేపు ఇద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.