‘ఫిల్టర్’కు ‘ఏరు’ సరిపోతుందా?

ప్రశ్న: అమీర్‌పేటలో తెలుగు మాధ్యమం పిల్లలకు సాయంత్రం పూట జావాస్క్రిప్ట్ ప్రోగ్రామింగ్ భాష నేర్పుతున్నాం. వారి కోసం అరేలతో (విలువల వరుసలతో) పనిచేసే చిన్న లైబ్రరీని, అంటే సిద్ధంగా వాడుకునే ఫంక్షన్ల కట్టను, తెలుగు పేర్లతో రాస్తున్నాం. తెలుగు లిపిలో పేర్లు పెట్టవచ్చు, పేరు మధ్యలో ఖాళీ మాత్రం ఉండకూడదు. షరతు చూసి అరేలోని విలువలను వేరుచేసే ‘ఫిల్టర్’కు ‘ఏరు’ అనుకున్నాం. బాగుందాండీ?

జవాబు: ‘ఏరు’ ఒక్కటే అయితే చిక్కండీ. బియ్యం ఏరామంటే రాళ్లు తీసి పారేశామని. పత్తి ఏరామంటే పత్తి ఇంటికి తెచ్చుకున్నామని. మరి ‘మార్కులు 35 దాటాయా’ అన్న షరతు ఇచ్చి ఏరమంటే, దాటినవి ఉంటాయా, పోతాయా? జావాస్క్రిప్ట్ ఫిల్టర్ షరతుకు నిలిచినవాటినే ఉంచుతుంది. ఆ సంగతి ఇంగ్లీషు పేరూ చెప్పదు. రూబీ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో సెలెక్ట్ (ఉంచుకోవడానికి), రిజెక్ట్ (తీసేయడానికి) అని రెండున్నాయి, అది నాకు చాలా నచ్చుతుంది.

మనకు రెండో ధాతువు కూడా అక్కర్లేదు. ‘కొను’ చేరితే ఫలం చేసినవారికే దక్కుతుంది: ఏరుకో. ‘వేయు’ చేరితే వదిలించుకోవడం: ఏరివేయి. పత్రికల్లో ‘ఏరివేత’ అని కనిపిస్తే ఎవరూ ఎంపిక అనుకోరు. పైగా రెండూ ఒక్కొక్క మాటే.

ప్రశ్న అడిగినవారు: చాలా సంతోషమండీ, రెండూ తీసుకుంటున్నాం. ఇంకొకటి. విలువలను క్రమంలో పెట్టే సార్ట్ అసలు అరేనే మార్చేస్తుంది. 2023 ప్రమాణంలో వచ్చిన టుసార్టెడ్ దాన్ని ముట్టుకోకుండా కొత్త అరే ఇస్తుంది. పిల్లలు ఇక్కడే తడబడుతున్నారు. ‘పేర్చు’, ‘పేర్చిన’ అని పెట్టమంటారా?

జవాబు: ఆజ్ఞకూ ఫలితానికీ తేడా చక్కగా తెలుస్తోంది. కానీ ‘మార్కులు.పేర్చిన()’ అని చదివితే వాక్యం గాలిలో ఆగిపోతుంది. విశేషణం నామానికి ముందుండాలి కదా. ‘పేర్చినవి’ అనండి.

మరొకరు: అసలు ‘మార్కులు’ తర్వాత ఆ చుక్క ఎందుకండీ? అలా పిలవాలంటే ఆ పేరును అరేలకే తగిలించాలి. మూటూల్స్ అనే పాత లైబ్రరీ అరేలకు సొంతంగా ‘ఫ్లాటెన్’ (అరేలోని అరేలను విప్పి ఒకే వరుసగా చేసేది) తగిలించింది. జావాస్క్రిప్ట్ భాషలోకి అదే పేరు తేబోతే పాత సైట్లు చెడతాయని 2018లో తేలి, చివరికి ‘ఫ్లాట్’ అని పెట్టవలసి వచ్చింది. తెలుగు పేర్లకు ఆ ప్రమాదం తక్కువే అయినా, భాష సొంత అరేకు ఏదీ తగిలించకపోవడం పిల్లలకు మొదటినుంచీ అలవాటు కావాలి. విడి ఫంక్షన్లుగా రాయండి. అప్పుడు ‘పేర్చిన(మార్కులు)’ అవుతుంది, విశేషణం తన చోటికి తానే వస్తుంది.