తీరప్రాంతపు బడిలో ట్యూనా చేప పాఠాన్ని ఆటగా నేర్పడం ఎలా?

ప్రశ్న: గోపాలపురం మాస్టారు

నమస్కారం. నేను గంజాం జిల్లాలో గోపాలపురానికి దగ్గరగా ఉన్న ఒక బడిలో విజ్ఞానశాస్త్రం బోధిస్తున్నాను. మా పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియాలో చదువుకునే మత్స్యకార కుటుంబాల వారు. మే 2వ తేదీని ప్రపంచ ట్యూనా దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 2016లో ప్రకటించింది. ఆ రోజు మాకు వేసవి సెలవుల్లో పడుతుంది కనుక, అంతకు ముందే ఏడు, ఎనిమిది తరగతులకు ట్యూనా చేప జీవనాన్ని, దాని పరిరక్షణను ఆటల ద్వారా నేర్పాలని ఉంది.

కంప్యూటరు మీద ఆడించే ప్రశ్నోత్తరాల ఆటలు కొన్ని చూశాను. వాటిలో పిల్లలు జాతుల పేర్లు గుర్తుపెట్టుకుంటారు తప్ప, ఆ చేప అలా ఎందుకు బ్రతుకుతుందో ఆలోచించవలసిన అవసరం రాదు. చేప స్వభావమే ఆట నియమంగా మారాలని, దానిని అతిక్రమించిన పిల్లవాడు ఎందుకు ఓడిపోయాడో తనంతట తానే గ్రహించాలని నా కోరిక. మాకు ఆరుబయలు స్థలం ఉంది, కంప్యూటర్లు తక్కువ. ఇలాంటి పాఠం చెప్పినవారు దయచేసి సూచనలు ఇవ్వగలరు.

జవాబు 1: బరంపురం జంతుశాస్త్ర అధ్యాపకురాలు

మాస్టారూ, మీరు కోరినది సరైన దారి. ట్యూనా శరీరంలోనే రెండు మంచి ఆటలు ఉన్నాయి.

మొదటిది ఊపిరి ఆట. చాలా చేపలు ఒకచోట నిలిచి కూడా మొప్పల మీదుగా నీటిని ఆడించుకోగలవు. ట్యూనా అలా చేయలేదు. నోరు తెరిచి నిరంతరం ముందుకు ఈదితేనే దాని మొప్పలకు ప్రాణవాయువు అందుతుంది. అందుచేత ట్యూనాలుగా ఉన్న పిల్లలు ఆట ముగిసేదాకా నడుస్తూనే నేల మీది గింజలు ఏరుకోవాలి. ఆగినవారు ఆట నుండి తప్పుకోవాలి. అడుగున పొంచి ఉండే చేపలుగా ఉన్న పిల్లలు నిలబడవచ్చు, కానీ చేతికి అందినంత మేరకే ఏరుకోవాలి. ప్రతి విడత చివర ట్యూనా పిల్లలు శక్తి ఖర్చు కింద అడుగు చేపల పిల్లలకంటే రెట్టింపు గింజలు చెల్లించాలి. ఇంత ఆకలి గల చేప ఒక్కచోట ఉండక మహాసముద్రాలు ఎందుకు దాటుతుందో మీరు చెప్పనవసరం లేకుండానే తెలిసిపోతుంది.

రెండవది వేడి ఆట. ఇది నాకు ఎంతో ఇష్టం. ట్యూనా తన ఈత కండరాలను చుట్టూ ఉన్న నీటికంటే వెచ్చగా ఉంచుకుంటుంది. మొప్పల నుండి లోపలికి వచ్చే చల్లని రక్తమూ, ఎర్ర కండ నుండి బయటికి పోయే వెచ్చని రక్తమూ సన్నని నాళాలలో పక్కపక్కనే ఎదురెదురుగా ప్రవహించడం వల్ల, బయటికి పోవలసిన వేడి మళ్లీ లోపలికే చేరుతుంది. పిల్లలను రెండు వరుసలుగా నిలపండి. బయటికి పోయే వెచ్చని రక్తంగా ఉన్న వరుసలో ఒక్కొక్కరికి వేడికి గుర్తుగా ఎనిమిది చింతపిక్కలు ఇవ్వండి, లోపలికి వచ్చే చల్లని రక్తంగా ఉన్న రెండవ వరుసకు ఏమీ ఇవ్వకండి. ఎదుటివారితో పోల్చి ఎక్కువ ఉన్నవారు, ఇద్దరికీ సమానమయ్యేదాకా పంచి ఇవ్వాలి. రెండు వరుసలూ ఒకే దిక్కుకు నడిస్తే ఒకే జోడీ కలిసి ఉంటుంది కనుక, సగం వేడి మాత్రమే మారి అక్కడితో ఆగిపోతుంది. ఎదురెదురుగా నడిస్తే, లోపలికి వచ్చేవారు అడుగడుగునా తమకంటే వెచ్చనివారిని కలుస్తారు కనుక, సగం కంటే చాలా ఎక్కువ వేడి కండరం వైపు తిరిగి చేరుతుంది. ముందు ఒకే దిక్కు ఆట ఆడించి, తేడా ఎంత వస్తుందో ఊహించమని అడిగిన తరువాతే ఎదురు దిక్కు ఆట ఆడించండి.

జవాబు 2: సోనపురం తీరవాసి

మాది వేటకు వెళ్లే కుటుంబం. మాస్టారు గారికి ఒక మనవి. పరిరక్షణ ఆటల్లో సాధారణంగా చేపలు పట్టేవాడే దోషిగా నిలుస్తాడు. తండ్రి ఉదయం తెచ్చిన సూర (ట్యూనా) చేపతో ఇల్లు గడిచే పిల్లవాడు అటువంటి ఆట ఆడి ఇంటికి ఏమి తీసుకువెళ్తాడు? ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం మన తూర్పు తీరమంతటా ఉంటుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర నవంబరు నుండి మే దాకా మరొక నిషేధం ఉంటుంది. ఆ నెలల్లో ఇంటి ఖర్చుకు పడే ఇబ్బంది ఈ పిల్లలకు మనకంటే బాగా తెలుసు. ఆటలో ప్రతి జట్టుకూ ఇంటి ఖర్చు ఉండాలి, అది విడతవిడతకూ చెల్లించి తీరాలి. అప్పుడే వేట తగ్గించుకోవడం ఎంత బరువైన నిర్ణయమో లెక్కలోకి వస్తుంది.

జట్లన్నీ ఒకే రకంగా ఉండకూడదని కూడా నా అభిప్రాయం. చేతి గాలంతో ఒక్కొక్క చేపను పట్టే పడవా, ఒక్క విడతలో గుంపునంతటినీ చుట్టే పెద్ద రింగు వల ఓడా సమానం కావు.

గోపాలపురం మాస్టారు

ఇంటి ఖర్చు నియమం తప్పక చేరుస్తాను, ధన్యవాదాలు. వేర్వేరు వేట పద్ధతుల తేడాను చిన్న పిల్లలకు అర్థమయ్యే నియమంగా ఎలా మార్చాలో ఎవరైనా చెప్పగలరా?

జవాబు 3: విశాఖ మత్స్యశాస్త్ర విద్యార్థి, స్వస్థలం ఛత్రపురం

ఒక గుడ్డ సంచి, పెద్ద గవ్వలు, చిన్న గవ్వలు, చిన్న గవ్వలంత పరిమాణం గల చింతపిక్కలు చాలు. పెద్ద గవ్వలు ఎదిగిన ఎల్లోఫిన్ ట్యూనాలు, చిన్నవి వాటి పిల్లలు, చింతపిక్కలు స్కిప్‌జాక్ ట్యూనాలు. నీటి మీద తేలే దుంగల కింద, మనుషులు వదిలే తెప్పల కింద స్కిప్‌జాక్‌లతో పాటు ఎల్లోఫిన్ పిల్లలు కూడా గుంపుగా చేరుతాయి. స్కిప్‌జాక్ ఏడాది, ఏడాదిన్నరలోనే, దాదాపు 45 సెంటీమీటర్ల పొడవు దగ్గర గుడ్లు పెట్టే దశకు వస్తుంది. ఎల్లోఫిన్ అందుకు దాదాపు మీటరు పొడవు పెరగాలి. తెప్ప చుట్టూ రింగు వల వేసినప్పుడు రెండూ కలిసి పడతాయి. కాబట్టి ఓడ జట్టు కళ్లు మూసుకుని గుప్పెడు తీయాలి. గాలం జట్టు చూసి ఒక్కొక్కటిగా, తనకు కావలసినది ఎంచుకోవాలి. ప్రతి విడత చివర సంచిలో మిగిలిన ప్రతి రెండు చింతపిక్కలకు ఇంకో రెండు, ప్రతి రెండు పెద్ద గవ్వలకు రెండు చిన్న గవ్వలు చేర్చండి. చిన్న గవ్వ రెండు విడతలు బ్రతికితేనే పెద్ద గవ్వ అవుతుంది. నాలుగైదు విడతల తరువాత చింతపిక్కలు నిండుగా ఉన్న సంచిలో పెద్ద గవ్వలు కనిపించకుండా పోవడం పిల్లలు చూస్తారు.

ఆ దశలో జట్లను కూర్చోబెట్టి తమలో తాము ఒప్పందం చేసుకోమనండి. వాస్తవంలో ఆ పని హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ చేస్తుంది. 1996లో ఏర్పడిన ఆ సంస్థ సీషెల్స్‌లో ఉంది, భారతదేశం అందులో సభ్యదేశం. ఎల్లోఫిన్ నిల్వ అతివేట వల్ల తగ్గిపోయిందని 2015లో తేలగా, మరుసటి ఏడాదే కమిషన్ దాని పునరుద్ధరణకు ప్రణాళిక చేసింది. 2024 నాటి అంచనాలో ఆ నిల్వ మెరుగైన స్థితిలో కనిపించింది. అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనా సైతం 2021లో అంతరించే ప్రమాదం గల జాతుల జాబితా నుండి బయటికి వచ్చింది. ఈ రెండు సంగతులను ఆట మొదట్లో కాక, ఒప్పందం కుదిరిన తరువాత చెప్పండి. సోనపురం వారు అన్నట్లు ఒప్పందంలో ఎవరి ఇంటి ఖర్చు ఎంత తగ్గుతుందో కూడా రాయించి, అదే సంచితో రెండవసారి ఆడించండి. ఈసారి పెద్ద గవ్వల సంఖ్యను ప్రతి విడతా బోర్డు మీద ఒక పిల్లవాడి చేత నమోదు చేయించండి.