కర్నూలులోని కుటుంబ సంస్థకు సొంత విమానమా, వాటానా, చార్టరా?

ప్రశ్న (కర్నూలు, విత్తన సంస్థలో ఆర్థిక వ్యవహారాలు చూసేవారు)

అందరికీ నమస్కారం. మాది కర్నూలు కేంద్రంగా నడిచే కుటుంబ విత్తన సంస్థ. నంద్యాల, ఎమ్మిగనూరు వైపు రైతుల పొలాల్లో పత్తి, మొక్కజొన్న విత్తనం పండించి, ఇక్కడే శుద్ధి చేసి, మహారాష్ట్ర, గుజరాత్ మార్కెట్లకు పంపుతాము. సంస్థకు పెద్ద అయిన మా పెదనాన్నగారు డెబ్బై దాటిన వయసులోనూ జాల్నా, అహ్మదాబాద్, ఢిల్లీ సమావేశాలకు స్వయంగా వెళ్తారు. ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయం వచ్చినా మేము వెళ్లే ఊళ్లకు అక్కడి నుంచి నేరుగా విమానాలు లేవు కాబట్టి, ప్రతిసారీ 44వ జాతీయ రహదారి మీద హైదరాబాద్ చేరి, అక్కడ విమానం ఎక్కాల్సి వస్తోంది.

ఇప్పుడు ఆయన మూడు మార్గాల మీద నన్ను ఒక నివేదిక రాయమన్నారు. మొదటిది, పాత రెండింజన్ల టర్బోప్రాప్ (టర్బైన్ ఇంజిన్‌తో ప్రొపెల్లర్ తిరిగే విమానం) గాని చిన్న జెట్ గాని సంస్థ పేరున కొనడం. రెండవది, అనంతపురంలో గాలిమరల వ్యాపారంలో ఉన్న మా వియ్యంకులవారితో కలిసి కొని, ఖర్చు పంచుకోవడం. మూడవది, అవసరమైనప్పుడు చార్టర్ చేసుకోవడం, అంటే విమానాన్ని పైలట్లతో సహా కిరాయికి తీసుకోవడం. మా అవసరం ఏడాదికి నూటయాభై గంటలకు మించదని నా అంచనా. ఈ రంగం తెలిసినవారు అనుభవంతో చెబితే నివేదికకు బలం వస్తుంది.

సమాధానం (విమాన నిర్వహణ ఇంజినీరు, స్వస్థలం ప్రొద్దుటూరు)

మీరు గంటల లెక్కతో మొదలుపెట్టారు, అది సరైన పద్ధతే. కానీ మన రాయలసీమ ఊళ్లకు అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. విమానం రాత్రిళ్లు ఎక్కడ ఉంటుంది?

2008లో శంషాబాద్, దేవనహళ్లి విమానాశ్రయాలు మొదలయ్యాక అంతకుముందున్న బేగంపేట, బెంగళూరు హెచ్‌ఏఎల్ విమానాశ్రయాలు ప్రధానంగా ప్రైవేటు, చార్టర్, ప్రభుత్వ విమానాలకు ఉపయోగపడుతున్నాయి. హ్యాంగర్లు (విమానాలు నిలిపే షెడ్లు), లైసెన్సు ఉన్న ఇంజినీర్లు, విడిభాగాలు, పైలట్ల కుటుంబాలు, అన్నీ ఆ నగరాల్లోనే ఉన్నాయి. అందువల్ల మీరు చార్టర్ తీసుకుంటే విమానం బేగంపేట నుంచి ఓర్వకల్లుకు ఖాళీగా వచ్చి, మిమ్మల్ని దింపాక మళ్లీ ఖాళీగా వెనక్కి పోతుంది, ఆ ఖర్చు మీదే. సొంత విమానమైతే ఈ ఖాళీ ప్రయాణం తప్పుతుందని చాలామంది అనుకుంటారు గాని, దాన్ని కూడా బేగంపేటలోనే ఉంచవలసి వస్తే అదే దూరాన్ని మీ సొంత విమానం ఖాళీగా ఎగురుతుంది.

జాల్నా ప్రయాణాన్నే తీసుకోండి. దానికి దగ్గరి విమానాశ్రయం ఛత్రపతి సంభాజీనగర్ (పాత పేరు ఔరంగాబాద్). ఓర్వకల్లు నుంచి నేరుగా చూస్తే అది ఐదు వందల కిలోమీటర్లకు కొద్దిగా ఎక్కువ, కింగ్ ఎయిర్ బీ200 వంటి టర్బోప్రాప్‌కు గంటా పావు ప్రయాణం. బేగంపేట నుంచి ఓర్వకల్లు రెండు వందల కిలోమీటర్లు, అంటే అరగంట దాటుతుంది. పోను రాను కలిపితే విమానం మూడున్నర గంటలకు పైగా ఎగిరితే మీరు అందులో కూర్చునేది రెండున్నర గంటలు. దాదాపు మూడో వంతు ఖాళీ సీట్లకే పోతుంది. కాబట్టి మీ నూటయాభై గంటలు మీరు కూర్చున్న గంటలా, ఇంజిన్ తిరిగిన గంటలా అన్నది నివేదిక మొదటి పేజీలోనే తేలాలి.

విమానాన్ని ఓర్వకల్లులోనే ఉంచుతామంటే పైలట్లను, కనీసం ఒక ఇంజినీరును కర్నూలులో కాపురం పెట్టించాలి. మన మే నెల ఎండలో విమానాన్ని ఆరుబయట నిలిపితే కిటికీలు, సీళ్లు, టైర్లు, ఎలక్ట్రానిక్ పరికరాలు తొందరగా పాడవుతాయి, అందుకని హ్యాంగర్ సంగతి కూడా చూసుకోవాలి. పెద్ద తనిఖీలకు ఎలాగూ నగరానికి తీసుకెళ్లక తప్పదు.

తక్కువ గంటలు ఎగిరితే నిర్వహణ ఖర్చు కూడా ఆ మేరకు తగ్గుతుందని అనుకోవద్దు. బీ200 ఇంజిన్‌కు పూర్తి ఓవర్‌హాల్ (విప్పి బాగుచేయడం) 3,600 గంటలకు వస్తుంది, మీ వాడకానికి అది ఇరవై ఏళ్ల దూరం. కానీ అదే విమానం ల్యాండింగ్ గేర్‌కు (చక్రాల అమరికకు) ఆరేళ్లు నిండితే, ఎగిరినా ఎగరకున్నా ఓవర్‌హాల్ చేయించాల్సిందే. ఎగరడానికి యోగ్యమని చెప్పే పత్రాన్ని ఏటా కొత్తగా పొందాలి, బీమా ఏటా కట్టాలి, పైలట్లకు జీతాలు నెలనెలా ఇవ్వాలి, వారిని సిమ్యులేటర్ శిక్షణకు పంపాలి. పని లేని రోజున కూడా ఎద్దుకు మేత వేయక తప్పనట్టే ఇది. ఏడాదికి రెండు వందల నుంచి మూడు వందల గంటలు ఎగిరితే తప్ప సొంత విమానం గిట్టదని మా రంగంలో సాధారణంగా చెప్పుకుంటారు. ఆ లెక్క కూడా విమానం, పైలట్లు, నిర్వహణ ఒకే ఊళ్లో ఉన్నవారి సంగతి. మీకు ఆ హద్దు ఇంకా పైనే ఉంటుంది.

జెట్టా, టర్బోప్రాపా అన్న దాని మీద ఎక్కువ సమయం పెట్టనక్కర లేదు. సంభాజీనగర్ దూరానికి చిన్న జెట్ మీకు మిగిల్చేది ఇరవై నిమిషాలు. ఢిల్లీ వంటి దూరాలకే దాని వేగం లెక్కకు వస్తుంది.

సమాధానం (చార్టర్డ్ అకౌంటెంట్, అనంతపురం)

పై సమాధానంతో ఏకీభవిస్తూ, వియ్యంకులవారితో ఖర్చు పంచుకోవాలన్న ఆలోచన గురించి రాస్తాను. చాలామంది పొరపడేది అక్కడే.

మన దేశంలో విమానాన్ని ప్రైవేటు కేటగిరీలో నమోదు చేస్తే యజమాని సొంత పనికి మాత్రమే వాడుకోవాలి. కిరాయికి గాని, ఏ రూపంలోనైనా ప్రతిఫలానికి గాని ఇతరులను ఎక్కించుకోకూడదు. డబ్బు తీసుకుని ప్రయాణికులను మోయాలంటే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే నాన్‌ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ (చార్టర్ నడిపే సంస్థలకు ఇచ్చే అనుమతి) ఉండాలి. మీ సంస్థ పేరున ఉన్న విమానంలో వియ్యంకులవారు ప్రయాణించి, నెలాఖరున ఇంధనం ఖర్చని మీ ఖాతాలోకి సొమ్ము పంపితే, ఇరువైపులా ఎంత బంధుత్వం ఉన్నా చట్టం దాన్ని కిరాయిగా చూసే ప్రమాదం ఉంది. 1934 నాటి విమానాల చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ (2024) అనే చట్టం 2025 జనవరి 1 నుంచి అమలులో ఉంది, దాని కింద చర్య ఒక ఎత్తయితే, ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ పాలసీ షరతులు చూపి పరిహారం నిరాకరించడం ఇంకొక ఎత్తు. రెండు కుటుంబాల పిల్లలు ఎక్కే విమానం విషయంలో ఈ రెండవ ప్రమాదాన్ని నేనైతే ఒక్క రోజు కూడా భరించలేను.

పన్ను వైపు చూస్తే, వ్యక్తిగత వినియోగానికి తెచ్చే విమానంపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం, ఇతర విమానాలపై 5 శాతం. మీ సంస్థ కొనేది ఏ కోవలోకి వస్తుందన్నది కొనుగోలుకు ముందే రాతపూర్వక అభిప్రాయం తీసుకుని తేల్చుకోవాలి. ప్రయాణికులను మోసే వ్యాపారంలో లేని సంస్థకు విమానంపై కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్నును సంస్థ చెల్లించాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే వీలు) కూడా రాదు, కేంద్ర జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) దాన్ని అడ్డుకుంటుంది. ఆదాయపు పన్నులో విమానాలకు 40 శాతం తరుగుదల ఉందని అమ్మేవారు ఆకర్షణీయంగా చెబుతారు. కానీ ఆ విమానంలో పెళ్లిళ్లకో తీర్థయాత్రలకో వెళ్తే, అంత మేరకు అది వ్యాపార ఖర్చు కాదు. ప్రయాణాల పుస్తకం లేకుండా ఆ తేడాను అధికారి ముందు నిరూపించలేరు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వియ్యంకులవారితో పంచుకోవడానికి చట్టబద్ధమైన దారి ఏదీ లేదా? అమెరికాలో వాటాల పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోందని పెదనాన్నగారు అంటున్నారు.

సమాధానం (చార్టర్డ్ అకౌంటెంట్, అనంతపురం)

పెదనాన్నగారు చెప్పింది నిజమే. నెట్‌జెట్స్ అనే అమెరికా సంస్థ 1986లో ఆ పద్ధతిని మొదలుపెట్టింది, 1998లో ఆ సంస్థను వారెన్ బఫెట్‌కు చెందిన బెర్క్‌షైర్ హాథవే కొనుక్కుంది. అక్కడ పదహారో వంతు వాటాకు ఏడాదికి 50 గంటలు వస్తాయి. వాటా ధరకు తోడు నెలవారీ నిర్వహణ రుసుము, ఎగిరిన గంటకు మరొక రుసుము కట్టాలి. అది నిలబడటానికి కారణం వారి దగ్గర వందల విమానాలు ఉండటమే, మీ వాటా ఉన్న విమానం ఖాళీగా లేకపోతే అలాంటిదే మరొకటి పంపగలరు. మన దేశపు ఆపరేటర్లలో ఎక్కువ మంది దగ్గర ఉండేవి కొన్ని విమానాలే. ఇక్కడ వాటా కొంటే, ఒకే వారంలో ఇద్దరికీ కావలసి వచ్చినప్పుడు ఎవరికి ఇస్తారన్న ఒక్క నిబంధన మీదే దాని విలువంతా ఆధారపడి ఉంటుంది.

మీ రెండు సంస్థలకు నేను సూచించే దారి వేరు. పర్మిట్ ఉన్న ఒకే ఆపరేటర్‌తో ఇరువురూ విడివిడిగా గంటల ఒప్పందం చేసుకోండి. ఎవరి బిల్లు వారికి వస్తుంది, దానిపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది, బంధువుల మధ్య డబ్బు చేతులు మారదు.

సమాధానం (చార్టర్ పైలట్, స్వస్థలం గుత్తి)

డబ్బు లెక్కల్లోకి నేను వెళ్లను. మీ నివేదికలో భద్రతకు ఒక పేజీ కేటాయించమని కోరుతున్నాను.

మన ప్రాంతంలో ఈ మాట ఎవరికీ కొత్తగా చెప్పనక్కర లేదు. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి చిత్తూరు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టర్ చెడు వాతావరణంలో నల్లమలలోని పావురాలగుట్ట దగ్గర కూలిపోయి, ఆయనతో పాటు మరో నలుగురు మరణించారు. ఆగస్టు, సెప్టెంబరు మేఘాలు నల్లమల మీద ఎలా లేస్తాయో అక్కడ ఎగిరినవారికి తెలుసు. యజమాని సంతకంతో జీతం తీసుకునే పైలట్‌కు, ఆ యజమానే వెనక సీటులో కూర్చుని సమావేశానికి ఆలస్యమవుతోందన్నప్పుడు, ఈరోజు వెళ్లలేమని చెప్పడం కష్టం. సొంత విమానం కొంటే, ఆ మాట చెప్పిన పైలట్ ఉద్యోగానికి ఏ ఢోకా ఉండదని పెదనాన్నగారు ముందే రాసివ్వాలి. చార్టర్‌లో ఆ ఒత్తిడి కొంత తక్కువ, ఎందుకంటే నిర్ణయం వెనుక ఆపరేటర్ సంస్థ ఉంటుంది.

చార్టర్ తీసుకునే ప్రతిసారీ ఆపరేటర్ పర్మిట్‌లో ఆ విమానం నమోదు సంఖ్య ఉందో లేదో చూడండి. ఇద్దరు పైలట్లకు ఆ రకం విమానంపై ఉన్న అనుభవం, బీమా పత్రం, వాతావరణ రాడార్ పనిచేస్తున్నదా అన్నది అడగండి. మంచి ఆపరేటర్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు.

ఓర్వకల్లు రన్‌వే రెండు వేల మీటర్లు. టర్బోప్రాప్‌లకు, చిన్న జెట్లకు అది చాలు. అయితే నలభై రెండు డిగ్రీల వేడిలో గాలి పలచబడి రన్‌వే ఎక్కువ కావాలి కాబట్టి, కొంచెం పెద్ద జెట్‌కు వేసవి మధ్యాహ్నం ఇంధనమో మనుషులో తగ్గించవలసి రావచ్చు. ఉదయం బయలుదేరేలా సమావేశాలు పెట్టుకోవడం మేలు.

సమాధానం (సిమెంటు సంస్థలో ప్రయాణ ఏర్పాట్లు చూసేవారు, కడప)

మా సంస్థ చార్టర్ మీదే నడుస్తోంది. ఒప్పందం రాసుకునేటప్పుడు గంట ధర ఒక్కటే చూసి మోసపోకండి. ఖాళీ ప్రయాణం, రోజుకు కనీస బిల్లు గంటలు, రాత్రి బసకు పైలట్ల ఖర్చు, పార్కింగ్, విమానాశ్రయ పనివేళలు దాటితే చెల్లించే రుసుము, ఇవన్నీ కలిపి మొత్తం ఎంతో ప్రతి మార్గానికీ ముందే రాయించుకోండి. ఓర్వకల్లుకైనా కడపకైనా ఆ రోజు పనివేళలు ఏమిటో, ఇంధనం దొరుకుతుందో లేదో తేదీ ఖాయం చేసే ముందే ఆపరేటర్‌తో నిర్ధారించుకోవాలి. వియ్యంకులవారికి పుట్టపర్తి దగ్గర, కానీ అది సత్యసాయి ట్రస్టు నిర్మించిన ప్రైవేటు విమానాశ్రయం కాబట్టి దిగడానికి ముందస్తు అనుమతి కావాలి. ముంబై వెళ్లేటప్పుడు రద్దీ వేళల్లో చిన్న విమానాలపై ఆంక్షలు ఉంటాయని గుర్తుంచుకోండి.

మీ వ్యాపారానికి ప్రత్యేకంగా ఒక మాట. విత్తనాల హడావిడి ఏప్రిల్ నుంచి జూన్ వరకు. 2024లో మన రాష్ట్రంలో మే 13న పోలింగ్ జరిగింది, అలాంటి ఎన్నికల నెలల్లో దేశమంతటా చార్టర్ విమానాలకు కొరత వస్తుంది, పెళ్లి ముహూర్తాలూ ఆ నెలల్లోనే ఉంటాయి. అందువల్ల విడివిడిగా బుక్ చేసుకునే బదులు ఏడాదికి యాభై గంటలకు ఒప్పందం చేసుకుని, ఆ మూడు నెలల్లో ఇన్ని రోజుల ముందు చెబితే విమానం తప్పక ఇస్తామన్న హామీ రాయించుకోండి. హామీ తప్పితే అదే స్థాయి విమానాన్ని మరో ఆపరేటర్ నుంచి తెచ్చి, ధరలో తేడా వారే భరించాలన్న వాక్యం తప్పనిసరిగా ఉండాలి. ఆపరేటర్ ఆ వాక్యానికి ఒప్పుకోకపోతే మరొకరిని చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

పెదనాన్నగారికి చదివి వినిపించాను. కొనుగోలును పక్కన పెట్టి, ఈ ఖరీఫ్‌కు యాభై గంటల ఒప్పందానికి ఇద్దరు ఆపరేటర్లను ధర అడగమన్నారు. ఒక్కటి మాత్రం తేలలేదు. సమావేశం మధ్యలో విమానం చెడిపోతే తిరుగు ప్రయాణం బాధ్యత ఎవరిది?

సమాధానం (సిమెంటు సంస్థలో ప్రయాణ ఏర్పాట్లు చూసేవారు, కడప)

ఒప్పందంలో రాయకపోతే ఎక్కువగా వారు ఎగరని గంటలకు డబ్బు వాపసిచ్చి ఊరుకుంటారు, మీ టికెట్లు మీరే కొనుక్కోవాలి. కాబట్టి తిరుగు ప్రయాణానికి వేరే విమానం గాని, ఆ రోజు దొరికే రెగ్యులర్ విమానంలో టికెట్లు, హైదరాబాద్ నుంచి కర్నూలుకు కారు గాని ఆపరేటర్ ఖర్చుతోనే ఏర్పాటు చేయాలని రాయించండి. పెద్దాయన వయసు దృష్ట్యా, రాత్రి ఆగవలసి వస్తే బస ఖర్చును కూడా అందులో చేర్చండి.