జ్యూక్‌బాక్సు కొత్త చక్రాలు నిలవడం లేదు, ఎవరైనా చెప్పండి

బేస్‌మెంట్ బాబాయి:
నాణెం వేస్తే రికార్డు పాట వాయించే పాత పెట్టె ఇది, దాని కింది చక్రాలు మార్చడం పొద్దున మొదలుపెడితే చీకటి పడింది. పాత చక్రాల రబ్బరు రాయిలా గట్టిపడి ఒకవైపు చదునైపోయింది, కొత్తవి తెప్పించాను. గుచ్చితే హాయిగా లోపలికి పోతాయి, పెట్టెను కాస్త ఎత్తగానే ఊడి కింద పడతాయి. జిగురు పూశాను, టేపు చుట్టాను, ఏమీ లాభం లేదు. ఇక ఎత్తే ఓపిక నాకూ లేదు, మా బావమరిదికీ లేదు.

మరమ్మతు మనిషి:
ఏ కంపెనీ? ఏ మోడల్? చక్రం పైన ఉండి పెట్టె రంధ్రంలోకి గుచ్చే కాడ మందం ఎంత?

బేస్‌మెంట్ బాబాయి:
సీబర్గ్ అండీ, 1948 నాటి వంద పాటలది. కాడ మామూలు కాడే.

నల్లపళ్లెం:
1948లో వచ్చిన వంద పాటల సీబర్గ్ అంటే ఎం100ఏ. అది 78 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే రికార్డులు వాయిస్తుంది. 45 సార్లు తిరిగే చిన్న రికార్డులకు (45లు) చేసిన ఎం100బి 1950లో వచ్చింది. మీ పెట్టెలో ఏవి ఉన్నాయి? ఇంకొకటి, ఆంప్లిఫయర్‌లోని పాత మైనపు కాగితం కెపాసిటర్లు మార్చకుండా దానికి కరెంటు ఇవ్వవద్దు. అవి లీకైతే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. చక్రాలు లేకపోయినా పాట వినవచ్చు.

బేస్‌మెంట్ బాబాయి:
45లే. అమ్మినాయన 1948 అన్నాడు. చక్రాల సంగతి చెప్పండి.

అటకమీది సామాను:
పాత చక్రాలు పారేయకండి. యాంటిక్ వస్తువుకు అసలు భాగాలుంటేనే విలువ.

నల్లపళ్లెం:
వందేళ్లు నిండితేనే యాంటిక్. అమెరికా కస్టమ్స్ వారి లెక్క కూడా అదే. ఇది పాతది, అంతే.

అటకమీది సామాను:
కొనేవాడు కస్టమ్స్ వారిని అడిగి కొంటాడా?

చెక్కపని:
మీ వాదన తర్వాత. బాబాయి గారూ, ఎత్తే ముందు ప్లగ్గు తీశారా? రికార్డులన్నీ బయట పెట్టారా? లోపల పట్టాల మీద అటూ ఇటూ జరిగే యంత్రాన్ని స్క్రూలతో బిగించారా? లేకపోతే పెట్టె వంగినప్పుడు అది జారి దేనికో ఒకదానికి గుద్దుకుంటుంది. ఒక కొస మాత్రమే ఎత్తి కింద చెక్క దిమ్మెలు పెట్టండి, జాకీ మీద వదిలేసి చేతులు పెట్టవద్దు. ఇక చక్రం ఊడటానికి కారణం రంధ్రంలోని ఇనుప సాకెట్ అయి ఉంటుంది. కాడ చుట్టూ ఉండే రింగు పట్టుకోవలసింది దాన్నే, ఇన్నేళ్లకు అది వదులవుతుంది. కొత్త చక్రాలతో సాకెట్లు రాలేదా?

బేస్‌మెంట్ బాబాయి:
వచ్చాయి. రంధ్రాల్లో ఎలాగూ ఉన్నాయి కదా, ఇవి ఎందుకు?

మరమ్మతు మనిషి:
పాతవి పీకండి. కొత్తవి కొట్టండి. అంతకు ముందు కాడ కొలవండి, 3/8 అంగుళమా, 7/16 అంగుళమా.

చెక్కపని:
బరువును నాలుగుతో కాదు, మూడుతో భాగించాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఒక చక్రానికి భారం తగలదు. పెట్టె 350 పౌండ్లనుకుంటే ఒక్కో చక్రం 120 మోయగలగాలి. ప్యాకెట్టు మీద ఎంత రాశారో చూడండి. మీ నేల చెక్కదా, కార్పెట్టా?

బేస్‌మెంట్ బాబాయి:
చెక్క. కొత్తవి నల్ల రబ్బరువి.

చెక్కపని:
మరక పడుతుంది. ఒకేచోట నెలల తరబడి నిలబెడితే ఆ మచ్చ తుడిచినా పోదు. పాలీయురేథేన్‌వి తీసుకుని ఉంటే బాగుండేది. ఇప్పటికి కింద గిన్నెల్లాంటివి పెట్టండి.

నల్లపళ్లెం:
ఎం100బి యా, 1952 నాటి ఎం100సి యా అన్నది ఇంకా తేలలేదు. వెనకాల రేకు మీద నంబరు చూడండి.

బేస్‌మెంట్ బాబాయి:
సాకెట్లు మూడు దిగాయి, గట్టిగా పట్టాయి. వెనక ఎడమ వైపు చెక్కే చీలింది.

మరమ్మతు మనిషి:
జిగురు పెట్టి గట్టి చెక్క బిరడా కొట్టండి. ఆరాక కొత్త రంధ్రం.

బేస్‌మెంట్ బాబాయి:
సరే, థాంక్స్ అండీ.

రాత్రి డ్యూటీ:
నాది రాక్-ఓలా కంపెనీ జ్యూక్‌బాక్సు. దాని చక్రాలు కాడ రకం కాదు, పళ్లెంతో స్క్రూలు బిగించేవి. ఒక స్క్రూ తల అరిగిపోయి రావడం లేదు. ఇక్కడే అడగవచ్చా, వేరే చర్చ పెట్టాలా?