చూడి కుడుత నాంచారి: కొడుతా, కుడుతా?

నెల్లూరమ్మాయి: అన్నమయ్య పెళ్లిళ్ల పాటే, అందరికీ నోటికొచ్చినదే. "చూడరమ్మ సతులారా సోబాన పాడరమ్మ, కూడున్నది పతి చూడి కుడుత నాంచారి". వారం రోజులుగా ఆ చివరి మూడు మాటలు బుర్రలోంచి పోవడం లేదు. మా అమ్మమ్మ చూడి అంటే 'చూసి' అని చెప్పేది, తమిళ భక్త కవయిత్రి ఆండాళ్ దేవుడికని కట్టిన దండ ముందు తనే వేసుకుని బావిలో తన నీడ చూసుకుంది కదా, అందుకని. కుడుత దగ్గరికొచ్చేసరికి మాత్రం "నోర్మూసుకుని పాడవే" అనేది. ఆండాళ్ పేరని తెలుసు, అది మళ్లీ చెప్పొద్దు. ఆ 'కు' ఎక్కణ్ణుంచి వచ్చింది?

తాళపత్రం: తమిళంలో అది శూడిక్కొడుత్త. ముడిచి ఇచ్చిన అని. 'కొ' ఉండాలి. 'కు' ఎవరో చేసిన తప్పు, అందరూ దాన్నే పాడుకుంటూ వచ్చారు.

మైలాపూరు తెలుగువాడు: అంత తేలిగ్గా తప్పనేస్తే ఎలా మాస్టారూ. ముప్ఫయ్యేళ్లుగా ఇక్కడుంటున్నా, 'కొడు' పుస్తకంలోనే కనిపిస్తుంది. కూరల కొట్లో, బస్సులో, ఇంట్లో అందరూ 'కుడు' అనే అంటారు. అన్నమయ్య ఈ పేరుని పుస్తకంలో చూసి కాక, కొండెక్కే అరవ యాత్రికుల నోట విని ఉండొచ్చుగా?

తాళపత్రం: 15వ శతాబ్దపు యాత్రికులు మీ కూరల కొట్టు తమిళమే మాట్లాడారా? ఆయన అహోబిలంలో శఠకోప యతి దగ్గర చదువుకున్నాడని మనవడు చిన్నన్నే రాశాడు. అలాంటివాడికి తనియన్, అంటే ఆండాళ్ తిరుప్పావైకి ముందు చదివే స్తుతి, తెలియకుండా ఉంటుందా? "శూడిక్కొడుత్త శుడర్ కొడియే". శూ-శు, కొడు-కొడి, జంటలు జంటలుగా ఎలా మోగుతున్నాయో వినండి. అక్కడ 'కు' పెడితే మోత పోయింది.

లఘువు గురువు: మోత సంగతి ఎత్తారు కాబట్టి పాటలో మోత కూడా వినండి. పల్లవిలో 'కూడున్నది', చరణాల చివర 'కోమలాంగి', 'కొలదిమీర', 'కొమెర వయస్సు'. అన్నిటికీ యతి కుడుత మీదే. ఉ, ఊ, ఒ, ఓ మిత్రులు, 'కు' అన్నా చెల్లుతుంది, 'కొ' అన్నా చెల్లుతుంది. యతి సాక్ష్యం చెప్పదు. అసలు మీరిద్దరూ తప్పు అక్షరం పట్టుకుని కొట్టుకుంటున్నారు. పోయింది తకారం ఒత్తు. కొడుత్తలో 'డు' గురువు, కుడుతలో మూడూ లఘువులే. అదెందుకు పోయిందో ముందు చెప్పండి.

మాల్యద పిచ్చి: రాయలవారు లేకుండా ఈ మాట తేలదు. ఆముక్తమాల్యద అంటే అచ్చం ఇదే పేరు, సంస్కృతంలో. ఒకటి గమనించారా, తమిళంలో దండ అన్న మాటే లేదు. ముడిచి ఇచ్చింది, అంతే. ఏమిటి ముడిచిందో ఆండాళ్ ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. సంస్కృతంలోకి రాగానే మాల్యం అని విప్పి చెప్పాల్సి వచ్చింది.

నెల్లూరమ్మాయి: ఆముక్త అంటే విడిచిన అని కదా? మాకు బళ్లో అలాగే చెప్పారు.

మాల్యద పిచ్చి: కాదమ్మా. ముక్త అంటే విడిచిన, ఆముక్త అంటే తొడుక్కున్న. అమరకోశం చూడండి, "ఆముక్తః ప్రతిముక్తశ్చ". ఒక్క ఉపసర్గతో అర్థం తలకిందులైపోతుంది. ఎలాగూ రాయలవారి దాకా వచ్చాం కాబట్టి, ఆండాళ్ తండ్రి విష్ణుచిత్తుడి ఇంటి పద్యం తలుచుకోకుండా వెళ్లలేను. అర్ధరాత్రి చెవొగ్గితే ఆ ఇంట్లోంచి "దివ్యప్రబంధానుసంధానధ్వానము" వినిపిస్తుంది, దాని వెనకే "నాస్తి శాకబహుతా, నాస్త్యుష్ణతా", అంటే కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేవు, దయచేసి తినండి అని అతిథుల్ని బతిమాలుకోవడం. పారాయణం తమిళం, మర్యాద సంస్కృతం, పద్యం తెలుగు. ఒకే ఇల్లు! ఈ పద్యం చదివినప్పుడల్లా నాకు ఆకలేస్తుంది.

మైలాపూరు తెలుగువాడు: ఇది రాయలవారి ఊహేం కాదు. ఇక్కడ పెరుమాళ్ కోవెల ఊరేగింపు చూడండి, ఆళ్వార్ల తమిళ పాటలు పాడే ప్రబంధ గోష్ఠి స్వామికి ముందు నడుస్తుంది, వేదగోష్ఠి వెనక వస్తుంది. తమిళం వెంట దేవుడు, దేవుడి వెంట వేదం. మీ తిరుమలలోనూ ధనుర్మాసంలో సుప్రభాతం ఆపి తిరుప్పావై చదువుతారు కదా. ఆండాళ్ ఊరు శ్రీవిల్లిపుత్తూరు నుంచి బ్రహ్మోత్సవాల గరుడసేవకి ఇప్పటికీ ఆవిడ దండ వస్తుంది. శూడి కొడుత్తది ఇంకా కొడుస్తూనే ఉంది, నా వ్యాకరణం క్షమించాలి.

తాళపత్రం: అలాగని తమిళమంటే వైష్ణవమో శైవమో అనుకోకండి. మణిమేకలై బౌద్ధ కావ్యం. శిలప్పదికారం రాసినాయన జైనుడంటారు. భక్తి వచ్చి ఆ భాషని గుళ్లో కూర్చోబెట్టింది నిజమే, కానీ అప్పటికే దానికి బోలెడు వయసు.

లఘువు గురువు: అది వేరే చర్చ పెట్టుకోండి బాబూ. నా ఒత్తు ఎక్కడ?

మాల్యద పిచ్చి: ఒత్తు తరవాత. అమ్మమ్మగారిని అందరూ వదిలేశారు, నాకది నచ్చలేదు. చూడి అంటే 'చూసి' కాదు, ఒప్పుకుంటాను. అది శూడు, తల్లో ముడుచుకోవడం. సంస్కృతంలో చూడ, చూడామణి కూడా ఇక్కణ్ణుంచే వెళ్లాయేమోనని నా అనుమానం, ఎవరూ నమ్మరు. కానీ పల్లవి ఎత్తుకోవడమే "చూడరమ్మ" అని ఎత్తుకుని, దాన్ని తెచ్చి "చూడి"కి ముడేసినవాడికి తెలుగు చెవిలో ఏం వినిపిస్తుందో తెలియదా? పేరు తమిళం, శ్లేష తెలుగు. అమ్మమ్మగారికి సగం మార్కులు ఇవ్వాల్సిందే.

తాళపత్రం: శ్లేష కాదు, ప్రాస. చూడ, పాడ, కూడు. డకారం కోసం మొదలెట్టాడు, మిగతాది మీ ప్రేమ. పనిలో పనిగా ఇంకోటి, సగంమంది గాయకులు "సింగారాలకే మరుదు" అని విరిచి పాడుతున్నారు. అది "సింగారాలకు ఏమి అరుదు", ఆశ్చర్యమేముంది అని. మరుదు ఎవరండీ, మన్మథుడి తమ్ముడా?

నెల్లూరమ్మాయి: అయ్యో, నేనూ అలాగే విరుస్తున్నా. ఎల్లుండి మా చెల్లి పెళ్లి, పాడేది నేనే, ఇప్పుడు మరుదు దగ్గర కూడా టెన్షన్. ఇంతకీ ఒక్క మాట చెప్పండి, కుడుతలో తకారం ఒత్తి పాడాలా, వద్దా?

తాళపత్రం: ఒత్తండి.

లఘువు గురువు: ఒత్తకండి. తాళం తప్పుతుంది.

మైలాపూరు తెలుగువాడు: ఎలా పాడినా సరే, నాంచారిలో ఆ సున్నా ఎందుకొచ్చిందో ఎవరైనా చెప్పండి. దాని తమిళ మూలం నాచ్చియార్‌లో అది లేదు.