విలీనమైన కళాశాలకు కొత్త ప్రాంగణం: గ్లాస్గో అనుభవం మనకు ఎంతవరకు పనికివస్తుంది?

ప్రశ్న: భౌతికశాస్త్ర అధ్యాపకుడు, కోస్తా

అందరికీ నమస్కారం. మా ఊరి నడిబొడ్డున ఒకే ట్రస్టు కింద, ఒకదానికొకటి కిలోమీటరున్నర దూరంలో నడుస్తూ వచ్చిన రెండు డిగ్రీ కళాశాలలను గత విద్యా సంవత్సరం నుంచి ఒకే కళాశాలగా కలిపారు. పేరు ఒకటైంది, ప్రిన్సిపాల్ ఒక్కరే అయ్యారు. కానీ భవనాలు రెండు, టైంటేబుళ్లు రెండు, స్టాఫ్ రూములు రెండు అలాగే ఉన్నాయి. భౌతికశాస్త్రానికే రెండు ల్యాబులున్నాయి. ఒక ల్యాబులో స్పెక్ట్రోమీటర్లు (కాంతిని రంగులుగా విడదీసి కొలిచే పరికరాలు) చాలక పిల్లలు వరుసలో నిలబడుతుంటే, రెండో ల్యాబులో అవే పరికరాలు బీరువాలో గుడ్డ కప్పుకుని ఉంటాయి. ఆ బీరువా తాళం అక్కడి అటెండరు మొలతాడుకు ఉంటుంది. ఆయన సెలవు పెట్టిన రోజున ఆ పరికరాలు మాకు లేనట్టే లెక్క.

ఇప్పుడు కొత్త ప్రాంగణం కట్టాలని పాలకమండలి నిర్ణయించి, అధ్యాపకుల తరఫున నన్ను భవన కమిటీలో వేసింది. పాత స్థలాలు రెండూ అమ్మి బైపాస్ పక్కన ఒక దాత ఇస్తానన్న తొమ్మిది ఎకరాలకు వెళ్లిపోదామని కొందరు, ఊళ్లోనే ఒక స్థలంలో ఎత్తుగా కట్టుకుందామని కొందరు అంటున్నారు. శంకుస్థాపన ముహూర్తం గురించి జరిగినంత చర్చ, అందులో ఎన్ని గదులు కావాలన్న విషయం మీద జరగలేదు.

ఇలాంటి పని ఎవరైనా సక్రమంగా చేశారా అని వెతుకుతుంటే స్కాట్లండ్‌లోని సిటీ ఆఫ్ గ్లాస్గో కళాశాల సంగతి తెలిసింది. సెంట్రల్ కళాశాల, గ్లాస్గో మెట్రోపాలిటన్ కళాశాల, నౌకావిద్యా కళాశాల, ఈ మూడూ 2010 సెప్టెంబరు 1న ఒకటయ్యాయి. వాటిలో మెట్రోపాలిటన్ అన్నది 2005లోనే భవననిర్మాణ–ముద్రణ కళాశాల, ఆహార సాంకేతిక కళాశాల కలిసి ఏర్పడినది. ఆ తర్వాత 22.8 కోట్ల పౌండ్ల ఖర్చుతో రెండు ప్రాంగణాలు కట్టుకుని, 2015లో నది ఒడ్డున ఉన్నదాన్నీ, 2016లో నగరం మధ్యలో ఉన్నదాన్నీ తెరిచారు. అంత పెద్ద కళాశాల ఒక్క చోటికి చేరకుండా రెండు చోట్ల ఎందుకు కట్టుకుంది? చదువు ఆగకుండా ఎలా మారారు? డబ్బు ఎలా సమకూర్చారు? అక్కడ చదివినవారు గాని, ఈ పని తెలిసినవారు గాని చెబితే వచ్చే నెల కమిటీ సమావేశంలో ఆ విషయాలు పెట్టాలని ఉంది.

జవాబు 1: మెరైన్ ఇంజనీరు, విశాఖపట్నం

నమస్కారం మాస్టారూ. ఓడల మీద పనిచేసే మావాళ్లలో చాలామంది బ్రిటన్ యోగ్యతా పత్రం కోసం గ్లాస్గో వెళ్తారు. నేను ఒక పరీక్షకు పాత నౌకావిద్యా కళాశాలలోనూ, పై పరీక్షకు కొత్త రివర్‌సైడ్ ప్రాంగణంలోనూ చదివాను కాబట్టి కళ్లారా చూసింది చెప్పగలను.

రెండు ప్రాంగణాలు ఎందుకన్నది మీ మొదటి ప్రశ్న. రివర్‌సైడ్ క్లైడ్ నది దక్షిణపు ఒడ్డున, సరిగ్గా పాత నౌకావిద్యా కళాశాల ఉన్న చోటే ఉంది. మా చదువులో సగం తరగతి గదిలో జరిగేది కాదు. ఇంజిన్ హాలులో నిజమైన ఓడ యంత్రాల మీద చేతులు పెట్టి పనిచేయాలి. ఆ బరువుకూ, ఆ అదురుకూ తట్టుకునే నేల కావాలి. ఓడ నడిపే గదిని అచ్చంగా పోలిన సిమ్యులేటర్‌లో చుట్టూ తెరల మీద సముద్రం కనిపిస్తుంది. పక్క గదిలో కూర్చున్న బోధకుడు ఒక మీట నొక్కగానే పొగమంచు కమ్ముతుంది, ఎదురుగా వచ్చే ఓడ మసకబారిపోతుంది, నేల కదలకపోయినా మన కాళ్లు కూడదీసుకుంటాయి. ఇలాంటివాటిని నగరం మధ్యలో వంటల తరగతుల పక్కన, సెలూన్ల పక్కన పెట్టి ప్రయోజనం లేదు. నదీ, యంత్రాలూ కావలసిన చదువును నది దగ్గరే ఉంచి, మిగిలినవాటిని నగరం మధ్యలోకి చేర్చారు. రెంటికీ మధ్య వంతెన మీదుగా ఇరవై, ఇరవై అయిదు నిమిషాల నడక. అందుకే అది ఒకే కళాశాల అన్న భావం పోలేదు.

మీ రెండు భవనాల మధ్య కిలోమీటరున్నరే అన్నారు. ఆ దూరం మీకు పెద్ద అడ్డంకి కాదని నాకనిపిస్తోంది. అడ్డంకి ఆ అటెండరు గారి మొలతాడు దగ్గర ఉంది. కొత్త భవనం కట్టినా ఆ తాళం గుత్తి అలాగే ఉంటే స్పెక్ట్రోమీటర్లు కొత్త బీరువాలోకి మారతాయి, అంతే.

ఇలాంటి విలీనం మా రంగంలో ఇక్కడా జరిగింది. 2008లో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీని ఏర్పరిచినప్పుడు ఏడు కేంద్ర సంస్థలను అందులో కలిపారు. వాటిలో మన విశాఖలోని జాతీయ నౌకా రూపకల్పన, పరిశోధన కేంద్రం ఒకటి. కానీ ఆ సంస్థలు వేరువేరు రేవు పట్టణాలలో ఉన్నాయి, వాటిని ఒక చోటికి చేర్చే ప్రశ్నే లేదు. మీకు ఆ అవకాశం ఉంది కాబట్టి ముందు దేన్ని కలపవచ్చో, దేన్ని కలపకూడదో తేల్చుకోండి.

జవాబు 2: ఆర్కిటెక్టు, హైదరాబాద్

విద్యాసంస్థల భవనాల మీద పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. గ్లాస్గో ప్రాంగణాలను రీయాక్ అండ్ హాల్, మైకేల్ లెయర్డ్ అనే రెండు సంస్థలు కలిసి రూపొందించాయి. బ్రిటన్‌లో ఆర్కిటెక్చర్‌కు ఇచ్చే స్టిర్లింగ్ బహుమతి తుది జాబితాలోకి 2016లో రివర్‌సైడ్, 2017లో సిటీ ప్రాంగణం, రెండూ చేరాయి. ఒకే కళాశాలకు చెందిన రెండు భవనాలు వరుసగా రెండేళ్లు ఆ జాబితాకెక్కడం సామాన్యం కాదు.

అయితే మీరు చూడవలసింది బహుమతులు కాదు, తేదీలు. విలీనం 2010లో జరిగింది. నిర్మాణ ఒప్పందం మీద సంతకాలు 2013లో పడ్డాయి. ముందు ఒక సంస్థగా మారి, కొంతకాలం పాత భవనాల్లోనే కలిసి నడిచి, ఏ విభాగం దేనిలో కలుస్తుందో తేలాక కట్టడం మొదలుపెట్టారు. ఆపైన కూడా రివర్‌సైడ్‌ను ముందు పూర్తి చేసి, ఏడాది తర్వాత సిటీ ప్రాంగణాన్ని తెరిచారు. చదువు ఆగకుండా ఎలా మారారన్న మీ ప్రశ్నకు జవాబులో సగం ఇక్కడే ఉంది: అంతా ఒక్క వేసవిలో మార్చాలని పెట్టుకోలేదు.

సిటీ ప్రాంగణం సుమారు 60 వేల చదరపు మీటర్లు. నడుమ పైకప్పు దాకా తెరుచుకున్న పెద్ద హాలు, దాన్ని ఆనుకుని వెడల్పాటి మెట్లు ఉంటాయి. బేకరీ నేర్చుకునేవారూ, టెలివిజన్ స్టూడియోలో పనిచేసేవారూ, వడ్రంగం నేర్చుకునేవారూ ఆ మెట్ల మీద ఒకరికొకరు ఎదురుపడాలన్నది ఆ ప్లానులోని ఉద్దేశం. అది మంచి ఉద్దేశమే, కానీ దయచేసి ఆ హాలును ఇక్కడికి తేవద్దు. అక్కడి చలికీ వానకూ కప్పున్న హాలు అవసరం. మన మే నెలలో అద్దాల కప్పు కింద నిలబడితే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఆ పని మన దగ్గర వెడల్పాటి వరండాలూ, నాలుగు వైపులా గదులున్న నీడపట్టు ముంగిలీ చేస్తాయి. మన పాత కళాశాల భవనాలు చాలావాటిలో అవి ఉండేవి. చదరపు అడుగుకు ఎంత అన్న లెక్క వచ్చాక వరండాను వృథా స్థలంగా చూడడం మొదలైంది, అది నాకు బాధ కలిగించే విషయం.

గదులెన్ని కావాలన్న ప్రశ్నను ప్లాను గీసేవాడికి వదిలేయకండి. ఒక మామూలు వారం చూసుకుని, రెండు భవనాల్లోని ప్రతి గదికీ ప్రతి పీరియడ్‌లో ఎవరున్నారు, ఎంతమంది ఉన్నారు అని రాయించండి. అరవై మంది పట్టే గది వారంలో సగం పీరియడ్లు మాత్రమే వాడుకలో ఉండి, ఆ పీరియడ్లలో ముప్పై మందే కూర్చుంటే, ఆ గది నాలుగో వంతే ఉపయోగపడుతున్నట్టు. ఇలా లెక్క తీస్తే కొత్తగా కట్టవలసిన గదుల సంఖ్య మీరు అనుకున్నదానికన్నా బాగా తగ్గవచ్చు. దానికి ఒక షరతు ఉంది. “ఇది మా విభాగం గది” అన్న మాట పోవాలి. గదులన్నీ టైంటేబుల్ చూసేవారి చేతికి రావాలి. ల్యాబులకూ, వర్క్‌షాపులకూ మాత్రమే మినహాయింపు. ఈ మాట ఒప్పుకోవడం అధ్యాపకులకు కష్టం. ఇరవై ఏళ్లు ఒకే కిటికీ పక్కన కూర్చున్నవారికి ఆ కిటికీ వదులుకోమని చెప్పడం చిన్న విషయం కాదని నాకు తెలుసు. కాబట్టి ఆ సంభాషణ ప్లాను గీయకముందే, ప్రిన్సిపాల్ గారు స్వయంగా కూర్చుని జరపాలి.

జవాబు 3: చార్టర్డ్ అకౌంటెంట్, విజయవాడ

డబ్బు సంగతి వరకు చెబుతాను. గ్లాస్గో వాళ్లు ఆ 22.8 కోట్ల పౌండ్లూ చేతిలో పెట్టుకుని కట్టలేదు. స్కాట్లండ్ ప్రభుత్వం ఆ రోజుల్లో అనుసరించిన, లాభాల పంపిణీ లేని పద్ధతి అని పిలిచే ఏర్పాటు కింద కట్టారు. ప్రైవేటు కూటమి ఒకటి అప్పు తెచ్చి, రూపకల్పన, నిర్మాణం, ఆ తర్వాత 25 ఏళ్ల నిర్వహణ బాధ్యత తీసుకుంటుంది. నిర్మాణం సర్ రాబర్ట్ మెకాల్పైన్ సంస్థ చేసింది. కళాశాల ఏటా ఒక మొత్తం చెల్లిస్తుంది, దానికి ప్రభుత్వ నిధుల మండలి నుంచి మద్దతు ఉంటుంది. పెట్టుబడి పెట్టినవారికి వచ్చే రాబడికి ముందే హద్దు ఉంటుంది. వాటాలకు డివిడెండు ఉండదు. అంతకుముందు బ్రిటన్‌లో నడిచిన ప్రైవేటు పెట్టుబడి ఒప్పందాలలో లాభాలు మితిమీరాయన్న విమర్శ వచ్చాక తెచ్చిన మార్పు ఇది. అయినా అప్పు అప్పే, పాతికేళ్లు కట్టవలసిందే.

ఒక ట్రస్టుకు ఆ పద్ధతి దొరకదు, అక్కరలేదు కూడా. కానీ అందులో ఒక అంశాన్ని మీరు తప్పక తీసుకోవాలి. కట్టిన మరునాటి నుంచి లిఫ్టు, నీటి మోటార్లు, కారే పైకప్పు, రంగులు, వీటన్నిటి ఖర్చు మొదటి రోజు కాగితం మీదే ఉండటం. మన ఎస్టిమేట్లు స్లాబుతో మొదలై గృహప్రవేశంతో ముగుస్తాయి. దాత పేరు శిలాఫలకం మీద చెక్కిస్తాం గాని, ఆ శిలాఫలకం పక్కన మరుగుదొడ్డి కుళాయి బాగుచేయించే పద్దు ఎవరి ఖాతాలోనూ ఉండదు. ఏటా ఎంత పక్కన పెట్టగలరో ముందు తేల్చుకుని, ఆ మొత్తంతో నిలబెట్టగలిగినంతే కట్టండి.

రెండో మాట పాత స్థలాల గురించి. గ్లాస్గోలో భవననిర్మాణ–ముద్రణ కళాశాల నడిచిన 1964 నాటి ఎత్తైన భవనం ‘బి’ తరగతి వారసత్వ కట్టడం, అంటే అనుమతి లేకుండా కూల్చడానికీ మార్చడానికీ వీల్లేనిది. నగరం నినాదాన్ని గులాబీ రంగులో దాని మీద పెద్దగా కప్పారు కాబట్టి ఫోటోల్లో మీరు చూసే ఉంటారు. కళాశాల వెళ్లిపోయాక అది ఏళ్ల తరబడి ఖాళీగానే నిలిచింది. చేతులు మారినా కొత్త ఉపయోగంలోకి రావడం సులువు కాలేదు. అందుచేత పాత భవనం అమ్మితే వచ్చే సొమ్మును చేతికి రాకముందే కొత్త భవనం ఎస్టిమేటులో ఆదాయంగా రాయకండి. ట్రస్టు ఆస్తి అమ్మకానికి దేవాదాయ శాఖ వంటి అనుమతులు మీకు వర్తిస్తాయో లేదో కూడా న్యాయవాదికి దస్తావేజులు చూపించి ఇప్పుడే తెలుసుకోండి.

జవాబు 4: విశ్రాంత అధ్యాపకురాలు, రాయలసీమ

పెద్దలు చెప్పినవన్నీ బాగున్నాయి. అయితే బైపాస్ పక్కన తొమ్మిది ఎకరాల గురించి ఎవరూ గట్టిగా మాట్లాడకపోవడం నాకు కలవరంగా ఉంది, అందుకే రాస్తున్నాను.

నేను పనిచేసిన కళాశాల ఒకప్పుడు బస్టాండుకు పది నిమిషాల నడకలో ఉండేది. విశాలమైన స్థలం దొరికిందని ఊరికి పదకొండు కిలోమీటర్ల అవతలికి మార్చారు. చెట్లున్నాయి, మైదానం ఉంది, గాలీ వెలుతురూ ఉన్నాయి. కానీ పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలు బస్టాండులో దిగి రెండో బస్సు ఎక్కవలసి వచ్చింది. సాయంత్రం నాలుగున్నరకు చివరి పీరియడ్ వదిలితే, అయిదుంపావు బస్సు తప్పిపోయిన రోజున ఇంటికి చేరేసరికి చీకటి పడేది. మొదటి ఏడాది చివరి పీరియడ్‌లో ముందు బెంచీలు ఖాళీ అయ్యాయి. రెండో ఏడాదికి కొందరి తల్లిదండ్రులు బీఎస్సీ మాన్పించి, ఊళ్లో దొరికిన కోర్సేదో చాలనుకున్నారు. ల్యాబు తరగతులు ఎప్పుడూ మధ్యాహ్నమే కదా, దెబ్బ ముందుగా వాటికే తగిలింది. నా తరగతిలో గుర్తుపెట్టుకోదగ్గ పిల్లలు ముగ్గురు అలా ఆగిపోయారు, వారి ముఖాలు నాకు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి.

గ్లాస్గో వారి సిటీ ప్రాంగణం ఎక్కడుందో పటంలో చూడండి. క్వీన్ స్ట్రీట్ రైల్వే స్టేషన్‌కూ, బుకానన్ బస్ స్టేషన్‌కూ నడిచివెళ్లే దూరంలో, కెథెడ్రల్ వీధిలో ఉంది. అంత పెద్ద కళాశాలకు ఊరి బయట ఎకరాలు దొరక్క అక్కడ కట్టుకోలేదు. విద్యార్థి ఎలా వస్తాడన్నది ముందు చూసుకున్నారు. మీ కమిటీలో ఓటు వేసేవారిలో ఎందరు బస్సులో కళాశాలకు వస్తారో ఒకసారి అడగండి. సమావేశం పెట్టేముందు ఒక రోజు ఉదయం రెండు గేట్ల దగ్గరా నిలబడి, ఎవరు ఏ ఊరి నుంచి, ఎన్ని బస్సులు మారి వస్తున్నారో పిల్లల్నే అడిగి రాయించండి. ఆ కాగితం లేకుండా స్థలం నిర్ణయించవద్దని నా విన్నపం.

ప్రశ్న అడిగినవారు: మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. అమ్మగారు చెప్పిన పని ఈ గురువారమే చేశాను. పాత గేటు దగ్గర నేను, రెండో గేటు దగ్గర మా తెలుగు మాస్టారు ఎనిమిదిన్నర నుంచి పదింటి దాకా నిలబడి, పలకరించగలిగినంతమందిని పలకరించాం. 214 మంది చెప్పారు. వారిలో 131 మంది బస్టాండులో దిగి నడిచి వచ్చేవారు. బైపాస్‌కు వెళితే ఆ 131 మందికీ రెండో బస్సు తప్పదు. ఈ అంకెను సమావేశంలో మొదటి కాగితంగా పెడతాను.

ఆర్కిటెక్టు గారు చెప్పిన గదుల లెక్క సోమవారం నుంచి మొదలవుతుంది. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు, కానీ రెండు విభాగాల పెద్దలు తమ గదుల వివరాలు రాయడానికి ఇంకా సుముఖంగా లేరు. వారితో విడివిడిగా మాట్లాడతానన్నారు ఆవిడ.

అండీ, ఆర్కిటెక్టు గారికి ఒక చిన్న ప్రశ్న. రెండు భౌతికశాస్త్ర ల్యాబులను ఒకటిగా చేస్తే, చీకటి గది కావలసిన స్పెక్ట్రోమీటరు ప్రయోగాలనూ, వెలుతురు కావలసిన మిగతావాటినీ ఒకే పీరియడ్‌లో నడపాలి. మధ్యలో గోడ కట్టించాలా, లేక మందపాటి నల్ల తెర సరిపోతుందా? తాళం ఒకటే ఉండేలా ఏది అనువుగా ఉంటే అది చేయిద్దామని ఉంది. పాత బీరువా తాళం గుత్తి నిన్న అటెండరు గారు తానే తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు.