పాంటూన్ బోటు నిండా జనం ఎక్కితే ఆర్‌పీఎం పడిపోతోంది, ప్రాప్ పిచ్ ఎంత ఉండాలి?

ప్రశ్న: అట్లాంటా దగ్గర లేనియర్ సరస్సులో నడిపే బోటు. 22 అడుగుల పాంటూన్ (తేలే గొట్టాల మీద బల్లపరుపుగా ఉండే బోటు), 115 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డ్, గేర్ నిష్పత్తి 2.38, అల్యూమినియం ప్రాప్ (ప్రొపెల్లర్), పిచ్ (ఒక చుట్టుకి అది ముందుకు వెళ్ళాల్సిన దూరం) 15 అంగుళాలు. ఫుల్ థ్రాటిల్‌లో 5000–6000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను చుట్లు) ఉండాలని మాన్యువల్ చెబుతోంది. ఇద్దరమే ఉంటే 5500 వస్తుంది, జీపీఎస్‌లో గంటకు 25 మైళ్ళు. పదిమంది, ఐస్‌బాక్సులు ఎక్కితే 4700 దాటదు, 20 మైళ్ళు. మాకు స్పీడుతో పనిలేదు. ఇలాగే నడిపితే ఇంజనుకి నష్టమా?

జవాబు: నష్టమేనండి. 4700 అంకెలో తప్పేం లేదు. థ్రాటిల్ సగం తెరిచి 4700లో వెళ్తే హాయిగా వెళ్ళొచ్చు. మొత్తం తెరిచినా అక్కడే ఆగిపోవడంతోనే చిక్కు. తిరుమల ఘాట్ రోడ్డు మీద బండిని టాప్ గేరులో ఎక్కించినట్టు ఉంటుంది. సిలిండర్లలో వేడి, ఒత్తిడి పెరుగుతాయి, నాకింగ్ మొదలైతే పిస్టన్లు దెబ్బతింటాయి. బండికైతే గేరు దించుకోవచ్చు, బోటుకి ఆ వీలు లేదు. ఉన్న ఒక్క గేరూ ప్రాపే.

పిచ్ అంగుళం తగ్గిస్తే సుమారు 150–200 ఆర్‌పీఎం పెరుగుతుంది. 13 పిచ్ వేస్తే జనంతో 5000–5100, ఇద్దరే ఉన్నప్పుడు 5800–5900. రెండూ రేంజిలోనే పడతాయి. ఖాళీ బోటు టాప్ స్పీడు ఒకటి రెండు మైళ్ళు తగ్గుతుంది, బదులుగా నిండు బోటు చురుగ్గా కదులుతుంది. ఇంకా బలం కావాలని 11 పిచ్‌కి మాత్రం దిగకండి. ఇద్దరే ఉన్న రోజు 6000 దాటి రెవ్ లిమిటర్‌కి (చుట్లు హద్దు మీరకుండా ఆపే ఏర్పాటు) తగులుతుంది.

ఇంకొకరి జవాబు: కొనేముందు టాకోమీటరు (ఆర్‌పీఎం చూపే మీటరు) నిజం చెబుతోందో లేదో చూడండి. చాలా మీటర్ల వెనక పోల్ సెలెక్టర్ (ఆల్టర్నేటరు పోల్స్ సంఖ్యని ఎంచుకునే మీట) ఉంటుంది. అది ఇంజను ఆల్టర్నేటరుకి సరిపోయే అంకె మీద లేకపోతే ముల్లు చూపేదంతా అబద్ధమే. పాంటూన్ గొట్టాల్లో నీళ్ళు చేరాయేమో, అడుగున నాచు పట్టిందేమో కూడా చూడాలి. ఈ రెండూ ఆర్‌పీఎంని మింగేస్తాయి, ప్రాప్ మార్చినా ఫలితం ఉండదు.

స్లిప్ (సిద్ధాంత వేగంలో నీళ్ళలో జారి పోయే భాగం) లెక్క: ఆర్‌పీఎంని పిచ్‌తో గుణించి, గేర్ నిష్పత్తితో భాగించి, మళ్ళీ 1056తో భాగిస్తే గంటకు మైళ్ళలో సిద్ధాంత వేగం వస్తుంది. మీ ఖాళీ బోటుకి 5500 × 15 ÷ 2.38 ÷ 1056 = 32.8. నిజంగా వస్తున్నది 25, అంటే స్లిప్ 24 శాతం. బరువైన పాంటూన్‌కి ఇది వింతేం కాదు. అదే 40 శాతం దాటిందంటే పిచ్ సంగతి పక్కనపెట్టి, రెక్క వంగిందా, హబ్ (ప్రాప్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే మధ్య రబ్బరు భాగం) జారుతోందా అని వెతకాలి.

అడిగినవారు: హబ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. మలుపు తిప్పేటప్పుడు ఒక్కోసారి ఇంజను గీపెడుతుంది, బోటు మాత్రం కదలదు. అదేనా?

జవాబు: మలుపులోనే వస్తే ప్రాప్ గాలి పీల్చుతోందన్నమాట. ట్రిమ్ (ఇంజను వంపు) కాస్త లోపలికి తెచ్చి, థ్రాటిల్ తగ్గించి తిప్పండి. అప్పటికీ ఆగకపోతే ఇంజను మరీ ఎత్తులో బిగించి ఉందేమో చూడాలి. తిన్నగా వెళ్తున్నప్పుడు కూడా వస్తే రబ్బరు హబ్‌ని అనుమానించండి. ప్రాప్ వెనకవైపు, లోపలి ఇత్తడి స్లీవు నుంచి బయటి గొట్టం దాకా అడ్డంగా పెయింటుతో ఒక గీత గీయండి. ఓసారి తిరిగొచ్చాక గీత రెండు ముక్కలై పక్కకి జరిగి ఉంటే హబ్ జారిందనే. అప్పుడు ఐడిల్‌లో మెల్లగా ఒడ్డుకి చేరొచ్చు, థ్రాటిల్ పెంచితే ఇంకా జారుతుంది.

ప్రాప్ మార్చేటప్పుడు తాళం తీసేయండి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి, రెక్కకీ పైనున్న ప్లేటుకీ మధ్య చెక్కముక్క పెట్టి నట్టు విప్పండి. థ్రస్ట్ వాషర్ వెనక చేపల గాలం దారం చుట్టుకుని ఉందేమో తప్పకుండా చూడాలి. ఆ దారం సీలుని కోస్తే గేర్ ఆయిల్‌లోకి నీళ్ళు దిగి అది పాలలా తెల్లబడుతుంది. షాఫ్ట్ పళ్ళకి నీటికి కరగని గ్రీజు రాసి, విప్పిన వరుసలోనే వాషర్లు వేసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బిగించండి. కాటర్ పిన్ (నట్టు ఊడకుండా ఆపే పిన్ను) మాత్రం కొత్తదే వేయండి, పాతది మళ్ళీ వంచితే విరుగుతుంది.

ఇంకొకరి జవాబు: రోజూ నడిపే వేగం 3500–4500 మధ్య ఉంచుకుంటే చాలు. ఫుల్ థ్రాటిల్ పరీక్ష పది సెకన్లు సరిపోతుంది, గాలికి ఎదురుగా ఒకసారి, గాలితో ఒకసారి చేసి సగటు తీసుకోండి. కెపాసిటీ ప్లేటు మీది బరువు దాటకుండా, మీరు మామూలుగా తీసుకెళ్ళే జనంతోనే చేయాలి. పిల్లల్ని ముందు గేటు బయట కాళ్ళు వేలాడేసి కూర్చోనివ్వకండి. అక్కడినుంచి జారితే నేరుగా ప్రాప్ కిందికే వస్తారు. ఈతగాళ్ళు నిచ్చెన ఎక్కేటప్పుడు న్యూట్రల్ చాలదు, ఇంజను ఆపేయాల్సిందే. కిల్ స్విచ్ తాడు (నడిపేవారు పడిపోతే ఇంజను ఆపేది) నడిపేవారికి తగిలించి ఉండాలి. 26 అడుగుల లోపు బోట్లు వేగం అందుకున్నాక అమెరికాలో అది 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టం. జార్జియాలో డాక్‌లకి, లంగరేసిన బోట్లకి, నీళ్ళలో ఉన్నవారికి 100 అడుగుల లోపు ఐడిల్ వేగమే. కాబట్టి పరీక్షకి డాక్‌లు లేని వెడల్పు చోటికి, ఉదయాన్నే నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు వెళ్ళండి.

అడిగినవారు: టాకో సెలెక్టర్ చూశాను, సరిగానే ఉంది. 13 పిచ్ తెప్పిస్తాను. మరి పాత 15 అమ్మేయనా?

జవాబు: అమ్మకండి. స్పేర్‌గా బోటులోనే ఉంచండి, ఒక నట్టు, రెండు కాటర్ పిన్లు, సరిపోయే పానా, చెక్కముక్కతో కలిపి.